లైసెన్సున్న ఆట

మా ఆఫీసు గుంటూరు బ్రాడీపేటలో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పైన ఉంటుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, అంటే యూరప్‌లో జనం నిద్రలేచి మొహాలు కడుక్కునే వేళకి, మేము కంప్యూటర్ల ముందు కూర్చుంటాం. కింద ఎవరికో పన్ను పీకుతుంటే ఆ కేక మా దాకా వినిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్ళు ఉలిక్కిపడతారు. నాకు అలవాటైపోయింది.

ఏం ఉద్యోగం అని ఎవరైనా అడిగితే మొదట్లో కంప్లయన్స్ అని చెప్పేదాన్ని. ఆ మాట మా చర్చిలో ఎవరికీ అర్థం కాలేదు, కాబట్టి అందరూ గౌరవించారు. కొన్నాళ్ళకి నాకే విసుగొచ్చి అసలు సంగతి చెప్పాను. యూరప్‌లో ఫోన్లో జూదమాడేవాళ్ళు మరీ మునిగిపోకుండా కనిపెట్టి ఉండటం మా పని అన్నాను. "అంటే జూదం మాన్పిస్తావా అమ్మా?" అని అడిగింది మా పక్కింటి పెద్దమ్మ. మాన్పించను, చూస్తుంటాను అన్నాను. అప్పటినుంచి నా గౌరవం కొంచెం తగ్గింది.

అంతకుముందు ఒక కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు గ్రామర్ చెప్పేదాన్ని. నియమాలంటే నాకు మొదటినుంచీ ఇష్టం. అందుకే కాబోలు, ఆ దేశాల జూదం చట్టాలు కూడా ఇష్టంగా నేర్చుకున్నాను. నవ్వకండి. స్వీడన్‌లో ఒక మనిషి ఇక నన్ను ఆడనివ్వకండి అని ఒక్కచోట చెప్పుకుంటే చాలు, ఆ దేశపు లైసెన్సున్న ప్రతి సైటూ అతని మొహాన తలుపు వెయ్యాల్సిందే. జర్మనీలో నెలకి ఇంతకు మించి కట్టకూడదని ఒక హద్దుంది. అది సైటు సైటుకీ విడిగా కాదు, అన్నిటికీ కలిపి. బ్రిటన్‌లో క్రెడిట్ కార్డు పెట్టి ఆడనివ్వరు. ఇటలీలో ప్రకటనలే వెయ్యనివ్వరు. నార్వేలో ఆడిస్తే ప్రభుత్వమే ఆడించాలి. మాల్టా అని సముద్రం మధ్య ఒక చిన్న ద్వీపం ఉంది. అక్కడ లైసెన్సు తీసుకుని చుట్టుపక్కల దేశాల తలుపులు తట్టే కంపెనీలు బోలెడు. మీ ద్వీపం కాగితం మీ ద్వీపంలోనే చూపించుకోండని ఆ దేశాలు కసురుకుంటాయి, కోర్టులకెక్కుతాయి. ఇదంతా నాకు కంఠతా వచ్చు.

ఎవరైనా గంటల తరబడి ఆడుతున్నా, ఓడిపోయిన కొద్దీ పందెం పెంచుతున్నా మాకు తెర మీద ఎర్ర గుర్తు పడుతుంది. అప్పుడు మేము ఆ మనిషికి రాయాలి. మీరు బాగానే ఉన్నారా, కాసేపు ఆగుతారా, ఆపడానికి మా సాయం కావాలా అని. స్వీడన్‌లో ఒక ముసలాయన భార్య పోయిన దగ్గర్నుంచీ పొద్దున్నే ఆటకి కూర్చునేవాడు. నేను రాయగా రాయగా చివరికి తలుపు వేయించుకున్నాడు. థ్యాంక్స్ చెబుతూ రెండు వాక్యాలు రాశాడు. ఆ సాయంత్రం కింద బండి మీద మిరపకాయ బజ్జీలు కొని ఆఫీసులో అందరికీ పెట్టాను. ఒక మనిషిని గట్టున పడేశానని అంత సంబరం.

ఇక మా తమ్ముడి సంగతి చెప్పాలి.

మా నాన్న జీవితమంతా ఒకరి చేలో కూలి చేసి, వయసు మళ్ళాక నాలుగెకరాలు కౌలుకి తీసుకున్నాడు. ఆ రోజు మా ఇంట్లో ప్రార్థన పెట్టించి అందరికీ కోడికూర భోజనం పెట్టాడు. కౌలుదారంటే ఊళ్ళో ఆసాములకి లెక్కలేదేమో కానీ మా పేటలో మాత్రం రైతే. నాన్న పోయాక ఆ చేను తమ్ముడి చేతికొచ్చింది. వాడూ, మరదలూ కలిసి మూడెకరాల్లో మిరప, ఎకరంలో పత్తి వేసేవాళ్ళు. మరదలు చేలో దిగితే ఇద్దరు మనుషుల పని చేస్తుంది. ఆ చేను చేజారితే వాళ్ళిద్దరూ మళ్ళీ కూలికి పోవాలి, అదీ నిన్నటిదాకా తాము కూలికి పిలిచినవాళ్ళ పక్కనే నిలబడి. మరదలికి దానికంటే చావు నయం. ఆ మాట నాతో చాలాసార్లు అంది.

తమ్ముడికి విమానం ఆట అంటుకున్నది కోల్డ్ స్టోరేజీ దగ్గర. మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, లోపల పెట్టడానికి ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, వంతు ఎప్పటికొస్తుందో తెలీదు. అక్కడ ఎవడో ఫోన్లో చూపించాడట. తెర మీద ఒక విమానం లేస్తుంది. అది పైకి పోయేకొద్దీ మన డబ్బు పెరుగుతుంది. అది మాయమయ్యేలోపు మనం దిగిపోవాలి. దిగకపోతే అంతా పోతుంది. అంతే ఆట. చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది, అదే దాని మాయరోగం.

మొదటిసారి నాకు తెలిసినప్పుడు, "ఒరేయ్, దాంట్లో ఎట్టా నమ్మి పెట్టావురా డబ్బులు?" అని అడిగాను.

"లైసెన్సుందక్కా. కింద నంబరు కూడా ఏశాడు" అన్నాడు వాడు, ఎంతో తెలివిగల పని చేసినట్టు.

వాడి నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మా వైపు లైసెన్సు అంటే పురుగుమందుల షాపులో గోడకి ఫ్రేము కట్టి, బొట్టు పెట్టి, శుక్రవారం శుక్రవారం దండ వేసేది. ఒక ఏడు మాకు అమ్మిన మిరప విత్తనం కల్తీదైంది. మొక్కలు ఏపుగా పెరిగాయి, కాయ పట్టలేదు. రైతులంతా ఖాళీ ప్యాకెట్లూ, బిల్లులూ పట్టుకుని షాపు ముందు కూర్చున్నారు. వ్యవసాయాధికారి వచ్చి చేలు చూశాడు, లైసెన్సు రద్దు చేస్తానన్నాడు. షాపాయన కాళ్ళబేరానికొచ్చి నష్టపరిహారం ఇప్పించాడు. అప్పుడు తమ్ముడు నూనూగు మీసాల కుర్రాడు. వాడు ఆ రోజు నేర్చుకున్న పాఠం ఏమిటంటే, లైసెన్సున్నవాడు మోసం చేస్తే పట్టుకోవడానికి వాడికొక చొక్కా కాలరు ఉంటుందని. పాఠం తప్పు కాదు. దాన్ని తెచ్చి వాడు విమానం ఆటకి తగిలించాడు.

మార్చిలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఊరికి వెళ్ళాను. మరదలు మా కోసం వంట చేస్తూ ఇంట్లో ఉండిపోయింది. తమ్ముడు కల్లంలో కాయలకి కాపలా ఉన్నాడు. నేను వాడికి అన్నం క్యారేజీ పట్టుకుని బయలుదేరేసరికి పడమట మబ్బు పట్టింది. చుట్టుపక్కల కల్లాల్లో ఒకటే కేకలు. ఆడవాళ్ళు కాయలు కుప్పలు చేస్తున్నారు, మగవాళ్ళు టార్పాలిన్ పట్టాలు పరిచి అంచుల మీద రాళ్ళు పెడుతున్నారు. నేను పరుగెత్తాను. మా కల్లంలో ఎర్రటి కాయలు ఎక్కడివక్కడ పరిచి ఉన్నాయి. తమ్ముడు వేపచెట్టు కింద గొంతుక్కూర్చుని ఫోనులో తల పెట్టేశాడు. పట్టాలు వాడి పక్కనే మడత పెట్టి ఉన్నాయి.

"ఒరేయ్ వాన!" అని అరిచాను. వాడు చెయ్యెత్తి ఆగమన్నాడు. నావైపు చూడనైనా చూడలేదు. "ఒక్క నిమిషం అక్కా, పైకి పోతంది" అన్నాడు.

పెద్ద చినుకులు పడ్డాయి. నేనొక్కదాన్నే చీర చెంగు దోపుకుని ఒక పట్టా లాగాను. గాలికి అది నా చేతిలో నిలబడలేదు. పక్క కల్లంలోని మనుషులు తమ పని ముగించుకుని మాకు సాయం వచ్చేసరికి కాయలన్నీ తడిసి ముద్దయ్యాయి. తడిసిన కాయ మళ్ళీ ఎండినా రంగు రాదు, తెల్లబడి తాలు అయిపోతుంది. మిర్చి యార్డులో దాన్ని చూసి మొహం తిప్పుకుంటారు. తమ్ముడు అప్పుడు లేచాడు. వానలో నిలబడి కాయల్ని చూసి ఏడ్చాడు. నాకు వాణ్ణి లాగి చెంప మీద కొట్టాలనిపించింది. కొట్టాను కూడా. కొట్టాక పట్టుకుని నేనూ ఏడ్చాను.

ఈ సంగతి చేను కౌలుకిచ్చిన ఆసామి చెవిన పడింది. ఆయన చెడ్డవాడు కాదు. ఇంకొక్క పంట చూస్తాను, చేను చూసుకోకపోతే వేరేవాళ్ళకిస్తాను అని మరదలితో చెప్పాడు. తమ్ముడితో చెప్పలేదు. అది వాడికి బాగా తగిలింది.

ఒక వారం తర్వాత వాడే గుంటూరు వచ్చాడు. మా ఆఫీసు కింద టీ తాగుతూ, తలొంచుకుని అడిగాడు.

"అక్కా, మీ ఆఫీసులో తెల్లోళ్ళకి ఆట బందు చేస్తారంటగా. నాకు కూడా బందు చేయించు."

"అది స్వీడన్‌వాళ్ళదిరా. ఆ దేశంలో ఇచ్చే గుర్తింపు నంబరు ఉండాలి."

"ఆధార్ ఉందిగా."

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. పైన నా కుర్చీలో కూర్చుంటే నేను ఎరగని దేశంలో, ఎన్నడూ చూడని మనిషికి తలుపు వేయించగలను. నా పక్కన కూర్చుని టీ తాగుతున్న తోడబుట్టినవాడికి మాత్రం నేను చేయగలిగింది ఏమీ లేదు. ఇది చెబితే వాడికి అర్థం కాలేదు. అక్కకి చేతకాదని కాదు, అక్కకి మనసు లేదనుకున్నాడు. అది మొహంలో కనిపించింది.

అయినా ప్రయత్నించాను. వాడి సైటుకి వాడి తరఫున రాశాను, మా ఆఫీసులో వాడే పదాలన్నీ వాడి రాశాను. జవాబు మర్యాదగా వచ్చింది. మీ శ్రేయస్సే మాకు ముఖ్యం అనీ, ఖాతా మూసేశామనీ. ఆ వాక్యాల పొందిక చూస్తే ఇలాంటి మేడ మీదే ఎవరో నాలాంటి మనిషి రాసినట్టుంది. మర్నాడు అదే సైటు పేరు మార్చుకుని వాడి ఫోనుకి బోనస్ పంపింది. ఆ మనిషి మీద నాకొచ్చిన కోపం చెప్పలేను. తర్వాత నా మీద కూడా వచ్చింది, ఎందుకో సరిగ్గా తెలియకుండానే.

చట్టాలు చేయలేని పని దేవుడు చేస్తాడని మరదలు ఆశపడింది. మిరప ఆఖరు కోత అయ్యాక మా ఊరి చర్చి సంఘంలో కోత పండుగ చేస్తాం. ఎవరి పంటలో మేలైనది వాళ్ళు తెచ్చి చర్చిలో బల్ల ముందు పెడతారు. మిరపకాయల బుట్టలు, గుమ్మడికాయలు, కోళ్ళు, ఒకసారి మేకపిల్ల కూడా. ప్రార్థన అయ్యాక వాటిని వేలం వేస్తారు, వచ్చింది సంఘానికి పోతుంది. ఆ వేలంలో ఎవరూ బేరమాడరు. ఒక గుమ్మడికాయకి బజారు ధరకి పదింతలు పాడి, గెలిచాక దాన్ని ఇచ్చినవాళ్ళ చేతికే తిరిగిస్తారు. దేవునికిచ్చింది దేవుడు దీవించి వెనక్కిచ్చాడని ఆ ఇంటివాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకుంటారు. నాకు చిన్నప్పటినుంచీ అది చాలా ఇష్టమైన ఘట్టం.

ఆ ఏడు మా వాళ్ళ దగ్గర తీసుకురావడానికి మంచి కాయ లేదు. తమ్ముడు తెల్ల చొక్కా వేసుకుని ముందుకు నడిచి తన ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. మైకు అడిగి తీసుకున్నాడు.

"నేను దీనికి బానిసనయ్యాను. పంట పాడు చేశాను. నా ఇంటిదాన్ని ఏడిపించాను. ఇయ్యాల దీన్ని దేవుని కాళ్ళ దగ్గర పెట్టేస్తన్నా. మళ్ళీ ముట్టను" అన్నాడు. ఆడవాళ్ళందరూ కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరుగారు వాడి తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించారు. మరదలు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు గుచ్చుకుంది. నా జీవితంలో అంత నిజమైన ప్రార్థన ఇంకొకటి వినలేదు.

తర్వాత వేలం. కోళ్ళయ్యాయి, గుమ్మడికాయలయ్యాయి, ఫోను వంతు వచ్చింది. జనం పోటీపడి పాడారు. మా వాడి మీద అంత ప్రేమ పుట్టింది అందరికీ. చివరికి సంఘ పెద్ద గెలిచాడు. రిటైరైన స్కూలు మాస్టారు, బంగారంలాంటి మనిషి. ఆయన ఫోను రెండు చేతులతో పట్టుకుని వచ్చి తమ్ముడి ముందు నిలబడ్డాడు. ఏం జరగబోతోందో నాకు అప్పుడు తట్టింది.

"మాస్టారూ, ఇవ్వకండి! మీ దగ్గరే ఉంచండి!" అని లేచి అరిచాను. చుట్టూ ఆడవాళ్ళు నా కొంగు లాగి కూర్చోబెట్టారు.

"తప్పమ్మా. దేవునికిచ్చినదాన్ని దేవుడు పవిత్రం చేసి తిరిగిస్తన్నాడు. ఇక దీంట్లో ఆ దయ్యం ఉండదు. రైతన్నాక ఫోను లేకపోతే ఎట్టా, ధరలు చూసుకోవద్దా?" అన్నాడు ఆయన నవ్వుతూ. సంఘమంతా ఆమేన్ అంది. తమ్ముడు ఫోను కళ్ళకద్దుకున్నాడు. ఆ క్షణంలో వాడి మొహంలో భయం కనిపించింది. వాడికి కూడా అది వద్దు. వద్దనడం మా సంఘంలో మర్యాద కాదు.

కొన్నాళ్ళు వాడు నిలబడ్డాడు. నారు పోశాడు, దుక్కి దున్నించాడు. వానాకాలంలో ఢిల్లీలో చట్టం వచ్చింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ దేశమంతా బందు అని. మన రాష్ట్రంలో నిషేధం అంతకుముందే ఉంది కానీ దాన్ని ఎవరు పట్టించుకున్నారు! ఈసారి పెద్ద పెద్ద యాప్‌లే చేతులెత్తేశాయి. మరదలు నాకు ఫోను చేసి, "వదినా, గవర్నమెంటోళ్ళు దాని పీక నొక్కేశారంట" అని చిన్నపిల్లలా చెప్పింది. నేనూ సంతోషించాను. ఇన్నాళ్ళూ పరాయి దేశాల చట్టాలు పొగిడిన నోటితో మన చట్టాన్ని కూడా పొగిడాను. ఆ ఆదివారం వాళ్ళింట్లో పలావు వండారు.

అక్టోబరులో మరదలి దగ్గర్నుంచి మళ్ళీ ఫోను వచ్చింది. ఈసారి ఆమె గొంతులో ఏడుపు కూడా లేదు. "ఒకసారి రా వదినా" అంది, అంతే.

వెళ్ళాను. మిరప పూత మీద ఉంది. పూలల్లో నల్ల తామర పురుగు. పువ్వు దులిపితే అరచేతిలో నల్లటి నలుసులు పాకుతున్నాయి. సగం చేను ఆకు ముడుచుకుపోయింది. మందు కొట్టాల్సిన అదను దాటిపోతోంది. మరదలు స్ప్రేయర్ ట్యాంకు వీపున కట్టుకుని సాళ్ళ మధ్య ఒక్కతే నడుస్తోంది. తమ్ముడు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఫోను దాచలేదు. దాచి ఉంటే నాకు కొంచెం ఆశ ఉండేది.

"ఇది ఆ పాతది కాదక్కా" అన్నాడు. "ఇది ఫారిన్‌ది. మన చట్టం దీనికి లేదంట. యూరప్ లైసెన్సు. మీ ఆఫీసోళ్ళదే, చూడు." తెర కింద బంగారు రంగు ముద్ర ఉంది, ముద్రలో సింహం, పక్కన మాల్టా అని రాసి ఒక నంబరు. ఎవరో లింకు పంపారట. మీ పాత బోనస్ మీ కోసం ఎదురుచూస్తోంది అన్నా, అని శుభ్రమైన తెలుగులో.

నేను గట్టు మీద వాడి పక్కన కూర్చున్నాను. చిన్నప్పుడు వాడికి ఎక్కాలు నేర్పినంత ఓపికగా చెప్పాను. మాల్టాలో లైసెన్సులిచ్చే ఆఫీసు తన లైసెన్సుదారులందరి వివరాలూ ఎవరైనా చూసేలా నెట్‌లో పెడుతుంది. అది నా ఫోన్లో తెరిచాను. వాడి నంబరు వాడి చేతే కొట్టించాను. ఏమీ రాలేదు. మళ్ళీ కొట్టించాను. సైటు పేరు కొట్టించాను. అది కూడా లేదు. "ఉన్నా కూడా అది నీకు పనికిరాదురా, నీకేదన్నా అయితే ఆ దేశంవాళ్ళు పలకరు. ఇక్కడ ఆడటమే నేరం" అని కూడా చెప్పాను. మరదలు సాలు చివరికొచ్చి ఆగి వింటోంది. మందు చుక్కలు గొట్టం చివరనుంచి ఆమె కాళ్ళ మీద పడుతున్నాయి.

వాడు అంతా శ్రద్ధగా విన్నాడు. ఇన్నాళ్ళలో నా మాట అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

"అయితే ఇది దొంగదే" అన్నాడు.

"దొంగదేరా."

వాడు సైటు మూసేశాడు. నా ఎదురుగానే తీసేశాడు. నాకు ఊపిరి ఆడింది. అప్పుడు వాడు నా ఫోను వైపు వేలు చూపించి, ఎరువు గురించి అడిగినంత మామూలుగా అడిగాడు.

"అక్కా, నువ్వు రోజూ చూస్తావుగా. నిజంగా లైసెన్సున్నది ఏదో ఒకటి నువ్వే చెప్పు. అందులోనే ఆడతా."

నేను మరదలి వైపు చూశాను, తిడుతుందనీ, చేతిలో గొట్టం వాడి మీదకి విసురుతుందనీ. ఆమె ట్యాంకు దించి కింద పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"చెప్పు వదినా," అంది, "మంచిదేదో."